ఆరోగ్య ప్రోత్సాహం: ‘ఎందుకు వినరు?’ నుంచి ‘ఏది అడ్డుపడుతోంది?’ వరకు

గర్భిణులకు ప్రభుత్వం ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తుంది. రోజుకొకటి చొప్పున 180 రోజుల పాటు వేసుకోవాలి. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు లేదా అంతకు మించి ఈ మాత్రలు వేసుకున్న తల్లులు దేశం మొత్తం మీద 26 శాతం మాత్రమే. కనీసం 100 రోజులు వేసుకున్నవారు 44 శాతం. అదే సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకు ముందు 2015–16 సర్వేలో ఇది 53 శాతం.

మాత్రకు డబ్బు పెట్టక్కర్లేదు. ఇవ్వడానికి ఏఎన్ఎం ఉంది, గుర్తు చేయడానికి ఆశా కార్యకర్త ఉంది. మరి ఎందుకు వేసుకోవడం లేదు? ఈ ప్రశ్నకు మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: ‘వాళ్లకు అవగాహన లేదు, చెప్పినా వినరు.’ ఈ జవాబు ఎంతవరకు నిజమో పరీక్షించడం, నిజం కానిచోట అసలు అడ్డంకి ఏమిటో కనిపెట్టడం, దాన్ని తొలగించే పద్ధతులు నేర్చుకోవడం – విశ్వవిద్యాలయాల్లో ‘హెల్త్ ప్రమోషన్’ పేరుతో చెప్పే పాఠ్యాంశం ఇదే. తెలుగులో దీన్ని ‘ఆరోగ్య ప్రోత్సాహం’ అనవచ్చు. ప్రజారోగ్యంలో పీజీ చేయాలనుకునే విద్యార్థులకు, క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బందికి, ఆసక్తి ఉన్న పాఠకులకు ఈ పాఠం తొలి పరిచయం.

ఈ పాఠంలో తెలుసుకునే అంశాలు:

• ఆరోగ్య విద్యకు, ఆరోగ్య ప్రోత్సాహానికి తేడా
• ఒట్టావా ప్రకటన చెప్పిన ఐదు కార్యరంగాలు, మూడు వ్యూహాలు
• మనుషుల ప్రవర్తనను అర్థం చేసుకునే సిద్ధాంతాలు
• ఒక కార్యక్రమాన్ని రూపొందించి, ఫలితాన్ని కొలిచే విధానం
• మన దేశంలో ఈ చదువు దొరికే చోట్లు

1. ఆరోగ్య విద్య, ఆరోగ్య ప్రోత్సాహం ఒకటేనా?

ఈ రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజానికి మొదటిది రెండోదానిలో ఒక భాగం. చేతులు ఎలా కడుక్కోవాలో బడి పిల్లలకు నేర్పితే అది ఆరోగ్య విద్య. ఆ బడిలో కుళాయి, నీళ్లు, సబ్బు ఉండేలా చూడడం, భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి సమయం కేటాయించడం, దాని ఖర్చును బడి బడ్జెట్‌లో చేర్పించడం – వీటన్నిటినీ కలుపుకుంటే ఆరోగ్య ప్రోత్సాహం. కుళాయి లేని బడిలో చేతుల శుభ్రతపై ఎంత చక్కటి పాఠం చెప్పినా పిల్లల చేతులు శుభ్రం కావు.

ఈ ఆలోచన ఒక్కరోజులో రాలేదు. 1974లో కెనడా ఆరోగ్య మంత్రి మార్క్ లాలోండ్ పేరుతో వెలువడిన నివేదిక, ఆరోగ్యాన్ని నిర్ణయించే అంశాలను నాలుగుగా విభజించింది: మానవ శరీర ధర్మాలు, పర్యావరణం, జీవనశైలి, వైద్య సేవల వ్యవస్థ. ఆసుపత్రులు ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమేనని ఒక ప్రభుత్వం అధికారికంగా చెప్పడం అప్పట్లో పెద్ద విషయం. 1978లో ఆల్మా ఆటా సదస్సు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రపంచ దేశాల ముందుంచింది. 1986 నవంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఆరోగ్య ప్రోత్సాహంపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అక్కడ ఆమోదించిన ఒట్టావా ప్రకటనే ఈ శాస్త్రానికి నేటికీ పునాది. ప్రజలు తమ ఆరోగ్యంపై తామే పట్టు పెంచుకుని, దాన్ని మెరుగుపరచుకునేందుకు వీలు కల్పించే ప్రక్రియగా ఆరోగ్య ప్రోత్సాహాన్ని అది నిర్వచించింది. శాంతి, నివాసం, విద్య, ఆహారం, ఆదాయం, నిలకడైన పర్యావరణం, తరిగిపోని వనరులు, సామాజిక న్యాయం – ఈ ఎనిమిదీ ఆరోగ్యానికి ముందస్తు అవసరాలని పేర్కొంది.

మన దేశంలో 1946 నాటి భోర్ కమిటీ నివేదికే చికిత్సతో పాటు నివారణకూ పెద్దపీట వేసింది. 1956లో కేంద్ర ఆరోగ్య విద్యా బ్యూరో ఏర్పడింది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు.

2. ఐదు కార్యరంగాలు: పొగాకు ఉదాహరణ

ఒట్టావా ప్రకటన ఐదు కార్యరంగాలను సూచించింది. వాటిని కంఠస్థం చేయడం కంటే, మన దేశంలో పొగాకు నియంత్రణకు అన్వయించి చూస్తే తేలిగ్గా అర్థమవుతాయి.

ఆరోగ్యకరమైన ప్రజా విధానం: 2003లో కేంద్రం సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. ప్రకటనలను నిషేధించింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకాలు ఉండకూడదంది. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌పై 85 శాతం మేర బొమ్మలతో హెచ్చరిక తప్పనిసరి అయింది.

అనుకూల పరిసరాలు: బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై సవరించిన నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చాయి. మానాలనుకునే మనిషికి చుట్టూ ఎవరూ కాల్చని కార్యాలయం, బస్టాండు దొరికితే అతని పని సగం తేలికవుతుంది.

సామాజిక కార్యాచరణ: గ్రామసభ తీర్మానంతో ఊరి బడి దగ్గర గుట్కా అమ్మకాన్ని ఆపించడం, మహిళా సంఘాలు దానికి అండగా నిలబడడం ఈ కోవలోకి వస్తాయి.

వ్యక్తిగత నైపుణ్యాలు: మానేసిన మొదటి వారాల్లో వచ్చే చిరాకును, తలనొప్పిని, స్నేహితుల ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో నేర్పడం. పొగాకు మానాలనుకునేవారి కోసం 1800-11-2356 నంబరుతో జాతీయ టోల్‌ఫ్రీ సేవ ఉంది.

ఆరోగ్య సేవల దిశ మార్పు: 2002 నుంచి పొగాకు మాన్పించే కేంద్రాలు మొదలయ్యాయి. ఏ జబ్బుతో వచ్చిన రోగినైనా ‘పొగాకు అలవాటుందా?’ అని అడగడం, మానడానికి సాయపడడం వైద్యుడి రోజువారీ పనిలో భాగం కావాలన్నది దీని ఉద్దేశం.

2009–10లో 15 ఏళ్లు దాటినవారిలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016–17 నాటికి ఇది 28.6 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలలో ఏ చర్య వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఐదు రంగాలూ ఒకదానికొకటి తోడవుతాయి. ఒక్క కరపత్రంతోనో ఒక్క చట్టంతోనో సరిపెట్టుకోకూడదని ఈ ఉదాహరణ నేర్పుతుంది.

3. మూడు వ్యూహాలు: గుంటూరు రైతు, నిజామాబాద్ బీడీ కార్మికురాలు

ఈ పనులన్నీ చేయడానికి ఒట్టావా ప్రకటన మూడు వ్యూహాలు చెప్పింది. ఆరోగ్యం తరఫున గట్టిగా వాదించడం మొదటిది. ప్రజలకు సామర్థ్యం, అవకాశం కల్పించడం రెండోది. పరస్పరం ఢీకొనే ప్రయోజనాల మధ్య సమన్వయం కుదర్చడం మూడోది. విద్యార్థులు తేలిగ్గా దాటేసే అంశం ఈ మూడోదే. తెలుగు నేల మీద దాని బరువు బాగా తెలుస్తుంది.

పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వేలాది రైతు కుటుంబాలు పొగాకు పంట మీద ఆధారపడ్డాయి. తెలంగాణలో నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో మహిళలు ఇంటి దగ్గర బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్నారు. పొగాకు వాడకం తగ్గాలన్న మాట న్యాయమైనదే. అది నెరవేరిన రోజున ఈ కుటుంబాల సంగతేమిటన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. ఆదాయం ఆరోగ్యానికి ముందస్తు అవసరమని ఒప్పుకున్నాక, బీడీ కార్మికురాలి ఆదాయాన్ని పక్కన పెట్టడం కుదరదు. అందుకే పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందంలోని 17వ అధికరణం రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయ ఉపాధి చూపాలని చెబుతుంది. భారత్ ఈ ఒప్పందాన్ని 2004లో ధ్రువీకరించింది. వ్యవసాయ శాఖ, కార్మిక శాఖ, వాణిజ్య శాఖ, ఆరోగ్య శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది. వాళ్లను కూర్చోబెట్టే నేర్పు కూడా ఈ చదువులో భాగమే.

4. మనిషి ఎందుకలా చేస్తాడు? కొన్ని సిద్ధాంతాలు

1950ల్లో అమెరికా ప్రజారోగ్య విభాగం క్షయను తొలి దశలోనే పట్టుకోవడానికి ఎక్స్‌రే యంత్రాలున్న వాహనాలను జనం మధ్యకు పంపింది. పరీక్ష ఉచితం, యంత్రం ఇంటి దగ్గర్లోనే ఉంది. అయినా అనుకున్నంత మంది రాలేదు. కారణం వెతికిన సామాజిక మనస్తత్వవేత్తలు ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ను రూపొందించారు. దాని ప్రకారం మనిషి మనసులో నాలుగు లెక్కలు నడుస్తాయి. ఈ జబ్బు నాకు వస్తుందా? వస్తే ఎంత ప్రమాదం? ఈ పని చేస్తే నాకేం మేలు? చేయడానికి ఎంత ఇబ్బంది? వీటికి తోడు పనికి పురికొల్పే ఒక సందర్భం కావాలి. ‘నేను చేయగలను’ అన్న నమ్మకాన్ని తర్వాతి కాలంలో ఈ నమూనాకు చేర్చారు.

ప్రోచాస్కా, డిక్లెమెంటే అనే అమెరికా పరిశోధకులు పొగ మానేవారిని పరిశీలించి ‘మార్పు దశల నమూనా’ను ప్రతిపాదించారు. మార్పు ఆలోచనే లేని దశ, ఆలోచిస్తున్న దశ, సిద్ధపడుతున్న దశ, ఆచరణ దశ, నిలుపుకునే దశ అని ఇవి ఐదు. ఇంకా ఆలోచనే రాని మనిషికి మానేసే తేదీ పెట్టుకోమని చెప్పడం వృథా. మానేసి మూడు నెలలైన మనిషికి క్యాన్సర్ బొమ్మలు చూపించినా ప్రయోజనం తక్కువే. మళ్లీ మొదలుపెట్టకుండా ఉండేందుకు అతనికి తోడు కావాలి.

ఈ రెండు నమూనాలూ ఉపయోగకరమే. అయితే రెండూ వ్యక్తి మనసు చుట్టే తిరుగుతాయి. అతని ఇల్లు, కూలి, ఊరు, దుకాణం, ఆసుపత్రి వీటిలో అంతగా కనిపించవు. ఆ లోటును పూడ్చే నమూనాల్లో ఒకటి లారెన్స్ గ్రీన్ 1970ల్లో ప్రతిపాదించిన ‘ప్రిసీడ్’. తర్వాత మార్షల్ క్రూటర్‌తో కలిసి ఆయన దీన్ని ‘ప్రిసీడ్–ప్రొసీడ్’గా విస్తరించారు. ఒక ప్రవర్తన వెనుక మూడు రకాల కారకాలు ఉంటాయని ఇది చెబుతుంది.

5. మళ్లీ ఐరన్ మాత్ర దగ్గరికి

పాఠం మొదట్లో చూసిన ప్రశ్నకు ఈ మూడు కారకాలను అన్వయిద్దాం.

ప్రేరక కారకాలు: మనిషి తెలివిడి, నమ్మకాలు, భయాలు. ఈ మాత్ర వేసుకుంటే కడుపులో బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు భయపడతారు. బిడ్డ నల్లగా పుడుతుందని మరికొందరు నమ్ముతారు. మాత్ర మొదలుపెట్టాక విరేచనం నల్లగా అవుతుంది. అది మామూలేనని ముందుగా ఎవరూ చెప్పకపోతే కంగారుపడి మానేస్తారు.

సాధక కారకాలు: పని జరగడానికి కావాల్సిన వసతులు. ఉపకేంద్రంలో మాత్రల నిల్వ ఉందా? పత్తి తీతకు పోయే కూలీకి ఉపకేంద్రం తెరిచే వేళల్లో రావడం సాధ్యమేనా? కడుపులో తిప్పడం, మలబద్ధకం వస్తే అడగడానికి అందుబాటులో ఎవరున్నారు?

బలపరిచే కారకాలు: మొదలుపెట్టిన పనిని కొనసాగించేలా చేసేవి. అత్తగారు ‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?’ అంటే ఒక దారి, ‘వేసుకున్నావా అమ్మా?’ అని అడిగితే మరో దారి. భర్త పట్టించుకోవడం, ఆశా కార్యకర్త పది రోజులకోసారి వచ్చి పలకరించడం కూడా ఇందులోకే వస్తాయి.

గోడ మీద అంటించిన పోస్టర్ ఈ మూడింటిలో మొదటి దాన్నే, అదీ కొంతవరకే తాకగలదు. నిల్వ లేని చోట జిల్లా మందుల సరఫరాను సరిచేయాలి. అత్తగారి మాట నడిచే ఇంట్లో ఆమెతో మాట్లాడాలి. వికారం వల్ల మానేసినవారికి భోజనం తర్వాత గానీ రాత్రి పడుకునే ముందు గానీ వేసుకోవచ్చేమో ఏఎన్ఎం సలహా ఇవ్వాలి. ఐరన్ మాత్రను టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదనీ, నిమ్మ, ఉసిరి, జామ లాంటి విటమిన్ సి ఉన్నవి తోడైతే మేలనీ చెప్పాలి.

2018లో మొదలైన ‘అనీమియా ముక్త్ భారత్’ మాత్రల పంపిణీతో ఆగకుండా నులిపురుగుల నివారణ, ప్రవర్తనలో మార్పు, హీమోగ్లోబిన్ పరీక్ష, పోషకాలు కలిపిన ఆహారం, మలేరియా, ఫ్లోరోసిస్ వంటి ఇతర కారణాల పరిశీలననూ కలుపుకోవడానికి కారణం ఇదే.

6. ఒక్కొక్కరినీ మార్చాలా, పరిస్థితిని మార్చాలా?

బ్రిటిష్ వైద్య శాస్త్రజ్ఞుడు జెఫ్రీ రోజ్ 1985లో రాసిన ఒక వ్యాసం ఈ పాఠ్యాంశంలో తప్పక చదివిస్తారు. ‘ఈ మనిషికి రక్తపోటు ఎందుకు వచ్చింది?’, ‘ఈ సమాజంలో ఇంతమందికి రక్తపోటు ఎందుకుంది?’ – ఈ రెండు ప్రశ్నలూ వేరని ఆయన చూపించారు. ఎక్కువ ముప్పు ఉన్న కొద్దిమందికి చికిత్స చేయడం అవసరమే. కానీ మధ్యస్థంగా ముప్పు ఉన్నవారు లెక్కలో చాలా ఎక్కువ కాబట్టి మొత్తం కేసుల్లో పెద్ద భాగం వాళ్ల నుంచే రావచ్చు. అందరిలోనూ ముప్పు కాస్త తగ్గినా సమాజానికి దక్కే మేలు పెద్దది.

అయోడిన్ ఉప్పు దీనికి మంచి ఉదాహరణ. 1956 నుంచి హిమాచల్ ప్రాంతంలోని కాంగ్రా లోయలో రామలింగస్వామి బృందం చేసిన అధ్యయనం, ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని నిరూపించింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇక్కడ ఎవరూ కొత్త అలవాటు నేర్చుకోనక్కర్లేదు. రోజూ వేసుకునే ఉప్పే మారింది.

నల్గొండ ఫ్లోరోసిస్ కథ ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చెబుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అది మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోయి వంకర తిరుగుతాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే శాస్త్రీయంగా నమోదు చేశారు. కారణం తెలియక కాదు, వేరే నీళ్లు లేక జనం ఆ నీళ్లే తాగారు. నీళ్లు కాచుకుని తాగమన్న సలహా ఇక్కడ పనికిరాదు. కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, ఆవిరైన మేరకు దాని గాఢత పెరుగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే ‘నల్గొండ పద్ధతి’ని అభివృద్ధి చేసింది. కానీ ఇంట్లో అయితే రోజూ మోతాదు కొలవాలి, కలపాలి, తేర్చాలి, మడ్డి పారబోయాలి. ఆ భారం దాదాపుగా ఆడవాళ్లదే. శాశ్వత దారి నీటి వనరును మార్చడమే. శుద్ధి చేసిన నది నీటిని పైపుల ద్వారా ఇళ్లకు చేర్చేందుకు తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ దిశగా పెద్ద ప్రయత్నం.

7. తరగతి నుంచి ఊరికి

ఈ పాఠ్యాంశంలో క్షేత్రపని తప్పనిసరి. సాధారణంగా అది ఈ క్రమంలో సాగుతుంది.

• అవసరాల అంచనా: పీహెచ్‌సీ రికార్డులు చూడడం, ఇళ్లకు వెళ్లడం, బృంద చర్చలు జరపడం. నిపుణుడికి కనిపించే సమస్య, ఊరివాళ్లు ముఖ్యమనుకునే సమస్య ఒకటే కాకపోవచ్చు.
• లక్ష్యం రాసుకోవడం: ‘అవగాహన పెంచుతాం’ అన్నది కొలవలేని లక్ష్యం. ‘ఆరు నెలల్లో, ఈ ఉపకేంద్రం పరిధిలో వారానికి కనీసం ఆరు రోజులు మాత్ర వేసుకునే గర్భిణుల సంఖ్యను ఇంత నుంచి ఇంతకు పెంచుతాం’ అన్నది కొలవగలిగేది.
• కార్యక్రమ అమలు: ఎవరు, ఎప్పుడు, ఏ ఖర్చుతో చేస్తారో నిర్ణయించుకోవడం.
• మూల్యాంకనం: ఇది మూడు మెట్లలో ఉంటుంది. అనుకున్న పనులు జరిగాయా? ప్రవర్తన, పరిస్థితులు మారాయా? చివరకు ఆరోగ్యం మెరుగైందా?

ఎక్కువ నివేదికలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. 40 సమావేశాలు పెట్టామని రాయడం తేలిక. ఆ ఊరి గర్భిణుల్లో హీమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువున్నవారు తగ్గారా లేదా అన్నది చూపాలంటే ముందూ తర్వాతా కొలతలు కావాలి. వీలైతే కార్యక్రమం జరగని మరో ఊరితో పోలిక కూడా కావాలి. లేకపోతే వచ్చిన మార్పు మన వల్లనో, మరే కారణం వల్లనో చెప్పలేం.

దీంతో పాటు నైతిక ప్రశ్నలూ చర్చకు వస్తాయి. భయపెట్టి అలవాటు మాన్పించడం ఎంతవరకు సబబు? లావుగా ఉన్నవారిని, మద్యం తాగేవారిని మన ప్రచారం అవమానిస్తోందా? పరిస్థితి మారకుండా ‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అంటే, జబ్బుపడ్డ పేదవాడి మీద జబ్బుతో పాటు నిందను కూడా మోపినట్టు కాదా?

8. ఎక్కడ చదవవచ్చు?

మన దేశంలో ఆరోగ్య ప్రోత్సాహాన్ని ఎక్కువగా రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సులో భాగంగా చెబుతారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన అచ్యుత మేనన్ కేంద్రం 1997లోనే ఈ కోర్సు మొదలుపెట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ తెలుగు విద్యార్థులకు దగ్గరి ఎంపికలు. 1932లో ఏర్పడిన కోల్‌కతాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు ఆరోగ్య విద్య బోధనలో సుదీర్ఘ చరిత్ర ఉంది. చాలాచోట్ల వైద్య, నర్సింగ్ పట్టభద్రులతో పాటు ఇతర శాస్త్రాల, సామాజిక శాస్త్రాల విద్యార్థులకూ అవకాశం ఉంటుంది. అర్హతలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

గుర్తుంచుకోవాల్సినవి

• సమాచారం అవసరమే, ఒక్క సమాచారమే సరిపోదు.
• ‘వినరు’ అన్న చోట మూడు కారకాలనూ వెతకాలి: ప్రేరణ, వీలు, బలపరిచే మనుషులు.
• మంచి అలవాటు కష్టంగా ఉన్నచోట మనిషిని తిట్టే ముందు దాన్ని తేలిక చేసే దారి చూడాలి.
• జరిగిన పనులను లెక్కపెట్టడం మూల్యాంకనంలో మొదటి మెట్టు మాత్రమే.

మీరే ప్రయత్నించండి

1. మీ ఊరిలోని పాఠశాల దగ్గర పిల్లలు ఎక్కువగా కొనే చిరుతిళ్లు ఏమిటి? వాటిని ఒట్టావా ఐదు కార్యరంగాల కింద పరిశీలించి, ఒక్కో రంగంలో ఒక్కో చర్య రాయండి.
2. మధుమేహం ఉన్న బంధువు ఒకరు రోజూ నడవడం లేదనుకుందాం. ప్రేరక, సాధక, బలపరిచే కారకాలను విడివిడిగా రాయండి. ఆమె నడవడానికి భద్రమైన దారి, వేళ ఉన్నాయో లేదో తప్పక చూడండి.
3. ‘గ్రామంలో డెంగీపై అవగాహన కల్పించాం’ అన్న నివేదిక వాక్యాన్ని, కొలవగలిగే లక్ష్యంగా తిరగరాయండి.
4. నల్గొండ పద్ధతి శాస్త్రీయంగా సరైనదే అయినా ఇళ్లలో రోజూ వాడడం ఎందుకు కష్టమో ఐదు వాక్యాల్లో వివరించండి.